పదిహేడో పద్దు

మా కారుకి పదహారేళ్ళు నిండినప్పటినుంచీ దాన్ని గురించి నాకు సలహా చెప్పనివాడు మా వీధిలో లేడు. ఆడపిల్ల సంబంధం గురించీ, పాత కారు గురించీ అడక్కుండానే సలహా చెప్పవచ్చునని మనవాళ్ళలో ఎక్కడో ఒక ఒడంబడిక వుంది కాబోలు. ఎదురింటి ప్లీడరుగారు, "ఇంకా దీన్నే తిప్పుతున్నారా మాస్టారూ? వచ్చినకాడికి వదిలించుకోండి" అంటారు. పక్కింటి కుర్రాడు, ఇంజనీరింగు చదివాడు గనక, "లక్షా అరవై వేలు తిరిగిన ఇంజనుకి చిక్కటి ఆయిలు పొయ్యాలి తాతగారూ" అంటాడు. బెంగుళూరులో వున్న మా అబ్బాయి ఫోనులో బండి చప్పుడు విని రోగం చెప్పేస్తాడు. ఇంతమంది వైద్యులున్న రోగికి ఏ గతి పడుతుందో మీకు తెలియనిది కాదు.

ఇది కారున్నవాళ్ళ గొడవ అనుకుని మిగతావారు పేజీ తిప్పెయ్యకండి. ఇంట్లో పాతదేదైనా, గ్రైండరు గానివ్వండి, నీళ్ళ మోటారు గానివ్వండి, మీ శ్రీవారు గానివ్వండి, వున్నట్లయితే ఇది మీ గొడవ కూడాను.

బండి కొన్నది 2008 జూలైలో. చిన్నది, తెల్లది, పెట్రోలుది. 2024 నవంబరు నాటికి లక్షా అరవైమూడు వేల కిలోమీటర్లు తిరిగింది. లెక్క వేస్తే భూమధ్యరేఖ వెంట నాలుగు ప్రదక్షిణలు చేసి పైన మరికాస్త. ఆ ప్రదక్షిణలన్నీ ఏలూరుకీ విజయవాడకీ, ఏలూరుకీ రాజమండ్రికీ మధ్యనే జరిగాయి గనక నాకు లోకజ్ఞానం ఏమీ పెరగలేదు. మాస్టరీ నుంచి నేను రిటైరయినా బండి రిటైరు కాలేదు.

ఆ నవంబరు నెలాఖర్లో వూళ్ళో ఒక పెద్ద సర్వీసింగు సెంటరువాళ్ళు నా చేతికి ఎస్టిమేటు కాయితం ఇచ్చారు. అచ్చేసిన కాయితం. ఇరవై రెండు పద్దులు. అడుగున మొత్తం: 68,400 రూపాయలు. ఆ సెంటరు పేరు చెప్పను. ఏమాటకామాట, అందులో వాళ్ళు రాసిన అబద్ధం ఒక్కటీ లేదు. పదహారేళ్ళ బండిలో మార్చదగని వస్తువేదీ వుండదు గదా. ఇంజను లోపల కడగడం, ఇంజెక్టర్లు శుభ్రం చెయ్యడం, క్లచ్చి సెట్టు, నాలుగు షాకబ్జార్బర్లు, ఏసీ కంప్రెసరు, స్టీరింగు తాలూకు ఏదో పెద్ద భాగం, లోపలి సీట్లు నురగతో కడిగి సువాసన కొట్టడం. ఈ సువాసన పదహారో పద్దు. దాని కింద పదిహేడో పద్దు: బ్రేకు ఆయిలు మార్పు, 450 రూపాయలు.

ఆ పదిహేడో పద్దు చూడగానే నా అరచేతులు చెమర్చాయి. ఎందుకో చెబుతాను. ఇంట్లో అప్పటికింకా చెప్పలేదు.

ఆ నెల మొదట్లో మా మనవరాలికి పుట్టువెంట్రుకలు తీయించడానికి తిరుపతి వెళ్ళాం. బండిలో నేనూ, మా ఆవిడా, మా అమ్మాయీ, మూడో యేడు నడుస్తున్న మొక్కుబడి కథానాయికా. అల్లుడికి సెలవు దొరకలేదు. ఏలూరు నుంచి నెల్లూరు మీదుగా నాయుడుపేట దాకా పెద్ద రోడ్డు, అక్కణ్ణించి కాళహస్తి దారి. బండి ఒక్క మాటంటే ఒక్క మాట అనకుండా నడిచింది. కొండ కూడా ఎక్కింది. దర్శనం అయింది, గుండు అయింది, లడ్లు అందాయి. ఇక దిగాలి.

దిగేది పాత ఘాట్ రోడ్డున. 1944లో తెరిచిన దారి అది; దాదాపు 19 కిలోమీటర్లు, హెయిర్‌పిన్ మలుపులు 36. నాకు ముప్ఫయ్యేళ్ళనాటి అలవాటు ఒకటుంది. స్కూటరు రోజులనుంచీ వున్నదే. పల్లం కనిపిస్తే చాలు, బండిని న్యూట్రల్లో వేస్తాను. పెట్రోలు మిగులుతుందని నమ్మకం. వేడుకున్నది ఏడుకొండలవాణ్ణి, నమ్ముకున్నది న్యూట్రల్‌ని. వేగం పెరిగినప్పుడల్లా బ్రేకు తొక్కుతున్నాను. పెరుగుతూనే వుంది, తొక్కుతూనే వున్నాను.

పదో మలుపో, పదకొండో మలుపో దాటాక పెడలు మెత్తబడింది. మామూలుగా కాలికి ఎదురు తిరిగే పెడలు, వేడి బూరెలో వేలు గుచ్చితే దిగినట్టు లోపలికి దిగిపోయింది. బండి మాత్రం తన దారిన తాను పోతూనే వుంది. ఎదర యాత్రికుల బస్సు, దాని వెనక అద్దంలో ఎవరిదో నిద్రపోతున్న తల.

పెడలు వదిలి తొక్కాను, వదిలి తొక్కాను. నాలుగోసారికి రవ్వంత పట్టు దొరికింది. ఈలోగా చెయ్యి దానంతట అదే గేరుమీదికి పోయింది, రెండులోకి తోశాను. ఇంజను పెద్దగా కేక పెట్టి బండిని పట్టుకుంది. తరవాత ఒకటిలోకి. చేతిబ్రేకు కొద్దికొద్దిగా లాగుతూ కొండవైపు గట్టు వారగా ఆపాను. అంతా కలిపి పావునిమిషం పట్టి వుంటుంది.

వెనక సీట్లో మనవరాలు గుండుకి రాసిన గంధాన్ని అమ్మమ్మ చీరకి పులుముతూ, "తాతయ్యా, కోతి!" అంది. నిజంగానే గట్టు మీద ఒక కోతి కూచుని నావంక చూస్తోంది. ఆ పావునిమిషంలో ఏం జరిగిందో తెలిసినవాళ్ళం ఆ కొండమీద మేమిద్దరమే.

"ఏమిటండీ ఆ మాడువాసన?" అంది మా ఆవిడ.

"ఇంజను వేడెక్కింది" అన్నాను.

గంటసేపు అక్కడే వున్నాం. ఆశ్చర్యమేమంటే, ఆ గంట తరవాత పెడలు ఏమీ యెరగనట్టు మళ్ళీ గట్టిగా వుంది. ఒకటో గేరులో, వెనకవాళ్ళ హారన్లన్నీ భరిస్తూ కిందికి దిగాం. "బరువు మోస్తే ఇంజను మళ్ళీ వేడెక్కుతుంది" అని చెప్పి, తిరుపతిలో ముగ్గురినీ రైలెక్కించాను. నేనొక్కణ్ణే మెల్లిగా, చేతికర్ర పట్టుకున్న ముసలివాడిలా నడుపుకుంటూ మర్నాడు రాత్రికి ఇల్లు చేరాను. ఇప్పుడు ఆలోచిస్తే అదీ తెలివిగల పని కాదు. నాతోపాటు ఆ రోడ్డు మీద ఎవరి పిల్లలు పోతున్నారో నాకేం తెలుసు?

ఇదీ ఎస్టిమేటుకి పూర్వకథ. సరే, కాయితం తెచ్చి టేబులు మీద పెట్టి స్నానానికి వెళ్ళాను. వచ్చేసరికి మా ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని మొదటినుంచీ చివరిదాకా చదువుతోంది.

"ఇంజను వేడెక్కిందన్నారే. ఇందులో దానికి సంబంధించింది ఏదీ?" అంది.

అబద్ధం ఆడినవాడు అప్పుడు రెండో అబద్ధం వెతుక్కోవాలి. నాకు దొరకలేదు. ఉన్నదున్నట్టు చెప్పేశాను, బస్సు అద్దంలో తలతో సహా. ఆవిడ నన్నేమీ అనలేదు. లేచి వెళ్ళి బీరువా అడుగు అర తీసి, పద్దుల పుస్తకాలు దించుకొచ్చింది. పెళ్ళయినప్పటినుంచీ పాలు, కూరలు, చాకలి, ఫీజులు, ఒక్క రోజు తప్పకుండా రాస్తున్న పుస్తకాలు. వాటిని చూసి నేనెన్నిసార్లు నవ్వానో లెక్కలేదు. 2008 నుంచీ తీసి, కారుకి పెట్టిన ప్రతి ఖర్చూ వరసగా పైకి చదవడం మొదలుపెట్టింది.

ఇంజను ఆయిలు: ఏడాదికోసారి, తప్పలేదు. బాటరీ: నాలుగుసార్లు. బెల్టు: 2015 మార్చి, 81,000 కిలోమీటర్ల దగ్గిర. క్లచ్చి: 2017. ముందు షాకబ్జార్బర్లు రెండూ: 2019. టైర్లు: 2016లో నాలుగూ. కారుకి కప్పే గుడ్డ: అయిదుసార్లు. నిమ్మకాయలూ గుమ్మడికాయా: ప్రతి దసరాకీ. "బ్రేకు ఆయిలు" అన్న మాట పదహారేళ్ళలో ఒక్కసారి కూడా లేదు.

"గుమ్మడికాయ కొట్టడం మాత్రం మరిచిపోలేదు" అంది. ఆవిడ అన్నది ఇంతే. దానికి బదులు గంటసేపు కేకలేసి వుంటే బాగుండును.

మర్నాడు ఎస్టిమేటుతోపాటు, ఆ పుస్తకాల్లోంచి ఎత్తి రాసిన ఒక తెల్లకాయితం కూడా తీసుకుని, పాత బస్టాండు వెనక రేకుల షెడ్డులో వుండే మేస్త్రీ దగ్గిరికి వెళ్ళాను. అరవై దాటిన మనిషి. కళ్ళజోడు మెడలో దారానికి వేలాడుతుంటుంది. బానెట్టు ఎత్తుతాడనుకున్నాను, ఎత్తలేదు. అచ్చు కాయితం పక్కన పెట్టి, చేతిరాత కాయితం రెండుసార్లు చదివాడు.

"ఇది రాసిందెవరండీ?"

"మా ఆవిడ."

"అమ్మగారికి చెప్పండి, సగం పని ఆవిడే చేసేశారని. బండి ఎన్ని కిలోమీటర్లు తిరిగిందన్నది కాదండీ మాస్టారూ, ఏది ఎప్పుడు మార్చారో తెలియాల. తెలియకపోతే మారలేదనే లెక్క. రాత్రికి బండి ఇక్కడ వదిలెయ్యండి. పొద్దున్న చల్లగా వుండగా నేనే స్టార్టు చేస్తా."

చల్లటి ఇంజనే నిజం చెబుతుందట. మనం నడుపుకుంటూ తీసుకెళ్ళిన బండి అప్పటికే ఒళ్ళు వెచ్చబడి మర్యాదగా మాట్లాడుతుంది. తెల్లారి ఆరున్నరకి నేను వెళ్ళేసరికి ఆయన సిద్ధంగా వున్నాడు. స్టార్టు చేసి గొట్టం వెనక నుంచున్నాం. నీలంపొగ వస్తే ఇంజను ఆయిలు కాలుతున్నట్టు. నల్లపొగ వస్తే పెట్రోలు ఎక్కువ పడుతున్నట్టు. తెల్లపొగ ఆగకుండా తియ్యటి వాసనతో వస్తే రేడియేటరు నీళ్ళు ఇంజనులో పడుతున్నట్టు. మొదట కాస్త తెల్లటి ఆవిరి వచ్చి ఆగిపోయింది. చలికాలంలో ప్రతి బండికీ వచ్చేదే. ఆయిలు పోసే మూత తీసి లోపలివైపు చూపించాడు. అక్కడ కాఫీ మీద కట్టిన మీగడలాంటిది కనిపిస్తే భయపడాలి. కనిపించలేదు. స్పార్కుప్లగ్గులు విప్పి ఒక్కొక్క సిలిండరులోనూ ఒత్తిడి కొలిచాడు. అన్నీ దగ్గిర దగ్గిరగానే వున్నాయి.

"ఇంజనుకేం ఢోకా లేదండి. ఆయిలు ఏమాత్రం తాగుతోంది?"

రెండు సర్వీసుల మధ్య, అంటే అయిదారు వేల కిలోమీటర్లకి, అర లీటరు పోస్తున్నానని చెప్పాను. ఈ వయసుకి అది జబ్బు కాదన్నాడు. పక్కింటి కుర్రాడి చిక్కటి ఆయిలు సంగతి అడిగితే, బండితో ఇచ్చిన పుస్తకంలో ఏ నంబరు రాస్తే అదే పొయ్యమన్నాడు. ఆయిలు మరీ చిక్కనైతే పొద్దున్నే అది పై భాగాలదాకా చేరడం ఆలస్యమవుతుందిట. అరుగుదల ఎక్కువ జరిగేది సరిగ్గా అప్పుడే. ఇంజను కడిగే మందు మొదటి పద్దుగా వున్న కాయితాన్ని అప్పుడు చేతిలోకి తీసుకున్నాడు. "ఏడాదేడాదీ ఆయిలు మార్చిన బండికి ఇదెందుకండీ?" అని పెన్సిలుతో కొట్టేశాడు.

క్లచ్చికి ఆయన పరీక్ష వేరు. నన్ను పక్కన కూచోబెట్టుకుని రోడ్డెక్కి, నెమ్మదిగా పోతుండగా నాలుగో గేరులో వేసి ఒక్కసారి తొక్కాడు. క్లచ్చి జారుతుంటే ఇంజను గోల పెరుగుతుంది, బండి వేగం పెరగదు. మాది మూలిగింది గాని జారలేదు. 2017లో మార్చినది కూడాను. కొట్టేశాడు. ఏసీ కంప్రెసరుకి బదులు ఒక చిన్న బేరింగు చాలన్నాడు. షాకబ్జార్బర్లు చేత్తో నొక్కి, వాటి మీద ఆయిలు కారిన తడి వుందా అని టార్చిలైటుతో చూసి, "వచ్చే ఏడు చూద్దాం" అన్నాడు. సువాసన పద్దు దగ్గిర ఆగి నావంక చూశాడు. నేనే కొట్టేశాను.

ఆ తరవాత బ్రేకు ఆయిలు డబ్బా మూత తీశాడు. కొత్తగా వున్నప్పుడు అది లేత తేనెరంగులో వుంటుంది. మాది నిన్నటి డికాక్షన్‌లా వుంది.

దాన్ని ఆయిలు అంటాం గాని అది నూనె కాదు. గాలిలో చెమ్మని పీల్చుకునే ద్రవం. రబ్బరు గొట్టాలగుండా, మూతగుండా, కొంచెం కొంచెంగా, మనకి తెలియకుండా పీల్చుకుంటుంది. డాట్ 3 రకం కొత్తదైతే 205 డిగ్రీల దాకా మరగకూడదని ప్రమాణం. అందులో నూటికి నాలుగు పాళ్ళకి లోపే నీళ్ళు చేరినా 140 డిగ్రీలకే మరగొచ్చు. డాట్ 4 అయితే ఆ లెక్కలు 230, 155. కొండ దిగుతూ ఊరికే బ్రేకు తొక్కుతుంటే చక్రాల దగ్గిర ఆ వేడి పుట్టడం కష్టం కాదు. మరిగితే బుడగలు లేస్తాయి. ద్రవాన్ని నొక్కితే అది అణగదు, చక్రాన్ని పట్టుకుంటుంది; బుడగని నొక్కితే బుడగే అణుగుతుంది, చక్రం దాకా ఏమీ పోదు. చల్లారితే బుడగలు మళ్ళీ ద్రవమయిపోతాయి, పెడలు గట్టిపడుతుంది. ఏమీ జరగలేదని మనం అనుకుంటాం. ఏలూరు బజార్లలో తిరిగినన్నాళ్ళూ ఈ సంగతి ఎప్పటికీ బయటపడదు. రెండేళ్ళకోసారి మార్చెయ్యడమే దానికి మందు.

"మీ న్యూట్రల్ సంగతి కూడా చెప్పనాండీ?" అన్నాడు మేస్త్రీ. అది నేనే చెప్పుకున్నాను లెండి, డాక్టరు దగ్గిరా మేస్త్రీ దగ్గిరా దాచకూడదని. "న్యూట్రల్లో ఇంజను ఆగిపోకుండా వుండాలంటే దానికి పెట్రోలు పోస్తానే వుండాల. గేరులో వుంచి కాలు తీసేస్తే చక్రాలే ఇంజనుని తిప్పుతాయి. ఇంజెక్టరు బళ్ళలో అప్పుడు పెట్రోలు పడటం ఆగిపోద్ది. మీరు మిగిల్చిందేం లేదండి. ఎదురు ఖర్చు."

ముప్ఫయ్యేళ్ళ పొదుపు ఆ రేకుల షెడ్డులో అలా ఆవిరయిపోయింది.

అప్పుడు నేను అసలు ప్రశ్న అడిగాను. ఇంత పాతదానికి ఎంతవరకూ పెట్టొచ్చు? మా అబ్బాయి లెక్క ఒకటుంది: బండి ధర తొంభై వేలు పలకదు, దానికి అరవై ఎనిమిది వేలు పెట్టేవాడు తెలివితక్కువవాడు. మేస్త్రీ లెక్క వేరు. "ఇంజను చెడితే బండి ఆగిపోద్దండి. బ్రేకు చెడితే ఆగదండి. ముందు ఆగనివాటి సంగతి చూడాల. తరవాత, దారిలో ఆపేసేవాటి సంగతి. మిగతాయి చప్పుడు చేసినప్పుడు చూసుకోవచ్చు" అన్నాడు.

ఆ మొదటి జాబితాలో బ్రేకులతోపాటు నేను ఊహించనిది ఒకటి వచ్చింది: టైర్లు. మా టైర్లు చూస్తే ఎవరూ వంక పెట్టరు, గాళ్ళు లోతుగానే వున్నాయి. ఆయన గుడ్డతో టైరు పక్క తుడిచి, అక్కడ అచ్చయిన అంకెల్లో ఆఖరు నాలుగూ చదవమన్నాడు. 2316. అంటే 2016లో ఇరవైమూడో వారం తయారైందన్నమాట. ఎనిమిదేళ్ళు దాటింది. తిరిగినా, ఇంటిముందు ఎండలో నుంచున్నా రబ్బరు ముసలిదవుతూనే వుంటుంది. వేలితో వంచి చూపిస్తే, పక్కగోడలో జుట్టంత సన్నటి పగుళ్ళు. పెన్షనర్ల బళ్ళన్నీ ఇంతేనట, అరగవు, పగులుతాయి. మీ ఇంట్లో టూ వీలరయినా సరే, ఇవాళే వెళ్ళి ఆ నాలుగంకెలూ చదువుకోండి.

రెండో జాబితాకి పెద్ద దిక్కు టైమింగు బెల్టు. ఇంజనులో పైన వాల్వులూ కింద పిస్టన్లూ ఒకదానికొకటి తగలకుండా తాళం తప్పకుండా ఆడించేది అదే. కొన్ని బళ్ళకి దాని బదులు గొలుసు వుంటుంది, దానికి ఇంత బాధ లేదు. మాది బెల్టు బండి. పైగా బెల్టు తెగితే పిస్టన్లు పోయి వాల్వుల్ని కొట్టే జాతి. తెగేముందు చెప్పదు. 2015లో మార్చాక 82,000 కిలోమీటర్లు తిరిగింది. పుస్తకం లక్ష దాకా ఆగమంటోంది. నేను లక్ష పట్టుకు కూచున్నాను. "లక్ష మీరు ఇంకో అయిదేళ్ళకి తిరుగుతారు. అది రబ్బరండీ, దానికి ఏళ్ళు కూడా లెక్కే" అన్నాడు. బెల్టు విప్పినప్పుడే వాటరు పంపు కూడా మార్చెయ్యాలిట. ఆరునెలల తరవాత పంపు కారితే అదంతా మళ్ళీ విప్పాలి, కూలి రెండుసార్లు. రేడియేటరులో నేను ఏళ్ళ తరబడి కుళాయి నీళ్ళు పోసినందుకు తుప్పురంగు తిరిగింది. గొట్టాలు, థర్మోస్టాటు, కూలెంటు మార్చాలి. పెట్రోలు గొట్టాలు కూడా మార్పించాను. 2023 ఫిబ్రవరిలో కొన్ని బంకుల్లో మొదలైన నూటికి ఇరవై పాళ్ళ ఇథనాలు పెట్రోలే 2025 నాటికి మామూలు పెట్రోలయి కూచుంది. మా బండి పుట్టినప్పుడు ఆ రబ్బర్లు దానికోసం చేసినవి కావు. మైలేజీ కూడా కాస్త తగ్గుతుంది, లీటరు ఇథనాల్లో వుండే సత్తువ లీటరు పెట్రోలులో మూడింట రెండు పాళ్ళే గనక. ఆ తగ్గుదలకి ఇంజనుని తిట్టకండి.

మొత్తం 31,400 రూపాయలయింది. అందులో టైర్లే పదమూడు వేల రెండు వందలు. నాలుగు చక్రాల బ్రేకుల పనీ కలిపి అయిదువేల ఆరువందలు. ఒక్క బ్రేకు ఆయిలుకి ఏడు వందలు. పదిహేడో పద్దులో 450 వేసిన వాళ్ళకంటే మేస్త్రీ ఎక్కువే తీసుకున్నాడు. కాని పాత ఆయిలంతా నాలుగు చక్రాల దగ్గిరనుంచీ తీయించి, చివరికి తేనెరంగు వచ్చేదాకా నన్ను పక్కనే కూచోబెట్టి చూపించాడు.

అబ్బాయికి ఫోను చేసి చెప్పాను. "నాన్నా, ఆ డబ్బు పాత బండిలో పోస్తే తిరిగి రాదు" అన్నాడు. వాడికి వాళ్ళమ్మ జవాబు చెప్పింది. ప్రైవేటు కారు రిజిస్ట్రేషను పదిహేనేళ్ళు. 2023లో మళ్ళీ పరీక్ష చేయించి అయిదేళ్ళకి పొడిగించుకున్నాం. అంటే 2028 జూలై దాకా వుంది. నలభైమూడు నెలలు. నెలకి ఏడువందల ముప్ఫై రూపాయలు పడుతుంది. "కొత్త కారు కంతు నెలకెంతరా?" అని అడిగింది. వాడు చెప్పలేదు. అయితే ఆవిడ ఒక షరతు కూడా పెట్టింది: ఇంజను బోరింగుకి రావడమో, అడుగు రేకు తుప్పు పట్టి చిల్లులు పడడమో జరిగిన రోజున, ఎంత ప్రేమున్నా ఒక్క రూపాయి పెట్టేది లేదు. మేస్త్రీ కూడా బండిని పైకెత్తించి అడుగంతా స్క్రూడ్రైవరుతో పొడిచి చూసిన తరవాతే పనికి ఒప్పుకున్నాడు. తుప్పు పట్టిన ఇంటికి సున్నం వేసేవాణ్ణి కాదన్నాడు.

ఇదంతా అయి ఏడాదవుతోంది. ఈ మధ్య అమ్మాయి ఫోను చేసి, మళ్ళీ కొండకి వెళ్దామా నాన్నా అంది. కారులోనా అని అడిగాను. అది ఒక్క క్షణం ఆగి, "అమ్మ రమ్మంటే" అంది. అంటే తల్లి దానికంతా చెప్పేసిందన్నమాట. ఎప్పుడు చెప్పిందో నేను అడగలేదు.

వెళ్ళాం. దిగేటప్పుడు పై మలుపునుంచి కింది మెట్టు దాకా రెండో గేరు తియ్యలేదు. మా ఆవిడ ఈసారి వెనక కూచోలేదు. ముందు సీట్లో నా పక్కన కూచుని, దారి చూడకుండా నా చేతినీ గేరునీ చూస్తూ వచ్చింది.

ఇంటికొచ్చాక ప్రయాణం ఖర్చు రాస్తూ, పుస్తకం చివరి పేజీలో కొత్త పట్టిక ఒకటి గీసింది. బ్రేకు ఆయిలు: 2024 డిసెంబరు, మళ్ళీ 2026 డిసెంబరు. బెల్టు: 2024. టైర్లు: 2024. దాని కిందే నా పేరు రాసి, షుగరు, కొలెస్ట్రాలు పరీక్ష: 2019, మళ్ళీ, అని రాసి ఖాళీ వదిలింది.

"అదేమిటి, నాకే చప్పుడూ రావడం లేదుగా?" అన్నాను.

"రాదు" అని పుస్తకం మూసేసింది. రేపు ఉదయం ఏమీ తినకుండా వెళ్ళాలిట.